పక్కబల్ల సహృదయులు

పేరు లేదు. ఇంటిపేరు అసలే లేదు. పేజీ నెత్తిన ఒక అంకె, ఆ అంకె కింద ఒక బతుకు! పేజీ తిప్పితే మరో అంకె, మరో బతుకు. రాసింది ఆడపిల్లా, మగపిల్లవాడా అన్నది కూడా ఒక్కోసారి నాలుగైదు వాక్యాలు నడిస్తే గానీ తేలదు. ‘ది ఫ్రీడమ్ రైటర్స్ డైరీ’ని చేతిలోకి తీసుకున్న రసికుడికి మొదట తగిలే చిత్రమైన రుచి ఇదే. ఎవరైనా ఎదురైతే ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగి, ఆ తర్వాతే మాట కలిపే అలవాటు మనది. ఆ ప్రశ్నను ఈ పుస్తకం గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. వట్టి చెవులతో లోపలికి రమ్మంటుంది. రండి, వెళదాం!

1999లో అమెరికాలో అచ్చయిన ఈ పుస్తకాన్ని రాసినవాళ్ళు పేరుమోసిన రచయితలేమీ కారు. లాస్ ఏంజలిస్‌కు దక్షిణాన, పసిఫిక్ సముద్రాన్ని ఆనుకుని ఉన్న లాంగ్‌బీచ్ పట్టణంలో, విల్సన్ హైస్కూలులో, 203వ నంబరు గదిలో చదువుకున్న 150 మంది పిల్లలు. వాళ్ళకు ఇంగ్లిషు చెప్పిన ఎరిన్ గ్రూవెల్ అనే పడుచు పంతులమ్మ ప్రతి భాగానికీ ముందు తన మాట రాసి, పక్కకు తప్పుకుని పిల్లలకు దారి ఇస్తుంది. 1994 శరత్తులో తొమ్మిదో తరగతితో మొదలై, 1998 వసంతంలో పట్టాలు అందుకోవడంతో ముగిసే నాలుగేళ్ళ నడక ఇది. ఏటికి ఒక శరత్తు, ఒక వసంతం చొప్పున ఎనిమిది భాగాలు. ఋతువుల మీద కావ్యం నడపడం మనకు తెలిసిన శిల్పమే. ఇక్కడ ఋతువు మారిన ప్రతిసారీ ఆకులతో పాటు గొంతులూ రంగు మారతాయి. మొదటి శరత్తులో కరకుగా, కసిగా, అనుమానంగా పలికిన స్వరం చివరి వసంతానికి ఎంత తేటపడిందో!

ఆ పిల్లలు పడిన కష్టాలకు చలించి ఈ పుస్తకాన్ని మెచ్చుకున్నవాళ్ళు లోకంలో చాలామంది. ఆ మెప్పు న్యాయమైనదే. నా మనసు మాత్రం మరోచోట చిక్కుకుంది. ఒకరి గాయాన్ని పక్కబల్ల మీది నేస్తం చదివాడు, వాక్యం సరిచేశాడు, టైపు చేశాడు, అచ్చుకు అందించాడు. ఆ అచ్చు మళ్ళీ వాళ్ళనే కాలేజీ మెట్లు ఎక్కించింది. ఈ పుస్తకంలోని సౌందర్యమంతా ఆ పక్కబల్ల చేతిలో ఉంది.

ముందు కాస్త నేలను చూద్దాం. 1992 ఏప్రిల్ 29న, రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి చావబాదిన పోలీసులు నేరస్థులు కారని తీర్పు రాగానే లాస్ ఏంజలిస్ తగలబడింది. ఆ మంటల సెగ లాంగ్‌బీచ్‌నూ తాకింది. నల్లవాళ్ళు, మెక్సికో మూలాలవాళ్ళు, పోల్‌పాట్ మారణకాండను తప్పించుకుని కంబోడియా నుంచి వచ్చినవాళ్ళు, కొద్దిమంది తెల్లవాళ్ళు - ఒకే ఊరిలో ఎవరి వీధి వారిది, ఎవరి పగ వారిది. తరగతి గదిలోనూ అంతే. ఒక్కో రంగు పిల్లలది ఒక్కో మూల. 1994 శరత్తుకు ముందటేడు, గ్రూవెల్ ఇంకా శిక్షణలో ఉండగా, ఒకరోజు ఒక నల్లజాతి కుర్రవాడి పెదవులను వెక్కిరిస్తూ ఎవరో గీసిన బొమ్మ బల్లలు దాటుకుంటూ వచ్చి పంతులమ్మ చేతికి చిక్కింది. యూదులను మనుషుల లెక్కలోంచి తీసేయడానికి నాజీలు గీయించిన బొమ్మలూ ఇలాంటివేనని ఆమె మండిపడింది. పిల్లలు తెల్లమొహాలు వేశారు. యూదుల ఊచకోత గురించి విన్నవాళ్ళు ఎందరని అడిగితే చెయ్యెత్తిన వారే కరువు. మీ మీద తుపాకీ పేలిన అనుభవం ఎందరికుందని అడిగితే దాదాపు అన్ని చేతులూ లేచాయి! భయానకానికి ఇంతకంటే క్లుప్తమైన అభినయం ఏ రంగస్థలం మీద చూడగలం? నెత్తురు చుక్క కనిపించదు, కేక వినిపించదు. పసి చేతులు లేస్తాయి, అంతే. చదివేవాడి అరచేతులు చల్లబడతాయి.

చరిత్ర తెలియని తన పిల్లల చేతికి ఆమె ఇచ్చినవి పుస్తకాలు. జీతం చాలక, బడి ముగిశాక హోటల్లోనూ బట్టల దుకాణంలోనూ పనిచేసి మరీ కొన్న కొత్త పుస్తకాలు. వెరోనా నగరంలో రెండు వంశాల పగకు బలైన రోమియో జూలియట్‌లు తమ వీధి ముఠాల పిల్లల్లాగే కనిపించారు వాళ్ళకు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అటక మీద దాక్కుని, కిట్టీ అని ఊహానేస్తాన్ని పిలుస్తూ డైరీ రాసుకున్న ఆన్ ఫ్రాంక్ దొరికింది. సరయెవోలో బాంబుల చప్పుడు మధ్య డైరీ రాసిన జ్లాటా ఫిలిపోవిచ్ దొరికింది. చావు శిబిరం నుంచి బతికి వచ్చిన ఎలీ వీజెల్ ‘నైట్’ దొరికింది. ఈ చదువులోని రహస్యం చూడండి. తమ దుఃఖాన్ని నేరుగా చూసుకునే ధైర్యం లేని పిల్లలు పరాయి దేశపు దుఃఖాన్ని చూశారు. చూస్తూ చూస్తూ ఉండగా, ఆ అటక తమ ఇరుకింటి గది అయింది. ఆ బాంబులు తమ వీధి తూటాలయ్యాయి. కావ్యాలు చదివి చదివి మనసనే అద్దం తేటపడ్డవాడే సహృదయుడని అభినవగుప్తుడు చెప్పాడు. వెయ్యేళ్ళ నాటి కాశ్మీర పండితుడి మాటకు లాంగ్‌బీచ్ కుర్రకారు సాక్ష్యం పలికారంటే, రసం ఎంత దూరాలు నడుస్తుందో!

ఇక ఈ పుస్తకంలో నేను మళ్ళీ మళ్ళీ తిరిగి వెళ్ళే చోట్లు కొన్ని ఉన్నాయి. మీరూ నాతో రండి.

మొదటిది, 1995 శరత్తు. కొత్త పుస్తకాలు నింపిన సంచులు, ప్లాస్టిక్ గ్లాసుల్లో పొంగే ఆపిల్ రసం. పిల్లలు ఒక్కొక్కరే లేచి, గ్లాసు ఎత్తి, ఇకమీదట తాను ఎలా మారబోతున్నాడో అందరి ఎదుటా పలకాలి. మార్పు పేరిట విందు! మద్యం లేని ఆ మధువులో ఎంత మత్తు! అప్పటిదాకా ఎవరి కళ్ళలోకీ చూడని పిల్ల, పదిమంది ముందు గొంతు విప్పిన క్షణం. సిగ్గు, బెరుకు, వెక్కిరిస్తారేమోనన్న భయం, వాటన్నిటినీ తోసుకుని వచ్చిన ఒక్క ప్రతిజ్ఞ. చప్పట్లు మొదలవుతాయి. తన చుట్టూ ఉన్నది గుంపు కాదని, సభ అని ఆ పిల్లకు తెలుస్తుంది. ఒక ఉత్సాహం వందమందికి అంటుకునే సొగసును వీరమంటారో, అద్భుతమంటారో పండితులు తేల్చుకోనీండి. మనం ఆ గ్లాసుల గలగల విందాం.

రెండోది, పద్నాలుగేళ్ళ కుర్రవాడి పేజీ. ఆ వేసవిలో అతని కుటుంబాన్ని ఇల్లు ఖాళీ చేయించారు. తల్లి కన్నీళ్ళు చూశాడు. సామాను వీధిన పడడం చూశాడు. బడి తెరిచే రోజు వచ్చింది. కిందటేటి బట్టలే, కిందటేటి జుట్టే. అందరూ నవ్వుతారు, ఎందుకు వెళ్ళడమని కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి. అయినా వెళ్ళాడు. మొదటి పీరియడ్ 203వ గదిలో. తలుపు తెరిచాడు. తెలిసిన ముఖాలు, నవ్వులు, వేసవి కబుర్లు. కష్టం కాసేపు గది బయటే నిలబడిపోయింది. ఇంటికి చేరానన్న భావం ఆ పిల్లవాడి మనసులో మెల్లగా ఊరింది. ఆహా, ఆ పేజీ ముగింపు! ఇల్లు పోగొట్టుకున్న పిల్లవాడి కలం నుంచి ఇల్లనే మాట రావడానికి ఎంత ప్రయాణం చేయాలి! అలంకారం ఒక్కటీ లేదు, ఉపమానం వెతికినా దొరకదు. ఉత్తరరామచరితం రాసిన భవభూతికి కరుణను మించిన రసం లేదు. ఆయన ఈ పేజీని చూసి ఉంటే, అడవిలో విలపించే సీత పక్కన ఈ కుర్రవాడికీ ఇంత చోటు ఇచ్చేవాడే.

మూడోది, 1996 వసంతం. పిల్లలు ఉత్తరాలు రాశారు, చందాలు పోగుచేశారు, కోరిన అతిథులను సముద్రాల మీదుగా రప్పించుకున్నారు. జ్లాటా వచ్చింది. ఆమెకు అప్పటికి ఇంచుమించు ఈ పిల్లల వయసే! యుద్ధాన్ని దాటి వచ్చిన పదిహేనేళ్ళ రచయిత్రి, వీధి యుద్ధాల్లో పెరిగిన పదిహేనేళ్ళ పాఠకులు. తరువాత వీళ్ళ పుస్తకానికి ముందుమాట రాసింది కూడా ఆ అమ్మాయే. మీప్ గీస్ కూడా వచ్చింది. ఆన్ ఫ్రాంక్ కుటుంబాన్ని దాచి కాపాడిన వారిలో ఒకరైన ఆ డచ్ మహిళకు అప్పటికి 87 ఏళ్ళు. 1944 ఆగస్టు 4న ఆ కుటుంబాన్ని పట్టుకుపోయాక, చెల్లాచెదురుగా పడి ఉన్న ఆన్ రాతలను ఏరి, సొరుగులో దాచిన చేతులు ఆమెవి. చదవకుండా దాచింది! ఆ పిల్ల తిరిగి వస్తే తన రాతలు తనకే ఇవ్వాలని. యుద్ధం ముగిసి, ఆన్ ఇక రాదని తెలిశాక, తండ్రి చేతిలో పెట్టింది. మీరు వీరవనిత అని ఒక కుర్రవాడు అంటే, చేయవలసిన పని చేశానంతే, అసలు వీరులు మీరేనని ఆ పిల్లలకే ఆ పేరు తిప్పి ఇచ్చేసిందా అవ్వ!

ఈ ఘట్టం దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. మీప్ గీస్ పుస్తకం రాయడం వల్ల లోకానికి తెలిసిన మనిషి కాదు, ఇంకొకరి రాతను కాపాడి తెలిసిన మనిషి. ఒక జీవితకథ లోకానికి చేరాలంటే రాసే చేయి ఒక్కటే చాలదు. పక్కన ఇంకో చేయి ఉండాలి. ఏరే చేయి, దాచే చేయి, అందించే చేయి. 203వ గది పిల్లలు ఆ అవ్వను చూసి వీరత్వం నేర్చుకున్నారని అందరూ అంటారు. నాకైతే, వాళ్ళు ఆ చేతిని నేర్చుకున్నారనిపిస్తుంది. ఎందుకంటే ఆ వెంటనే వాళ్ళు చేసిన పని అదే.

కింగ్‌స్టన్ టెక్నాలజీ సంస్థను స్థాపించిన వారిలో ఒకరైన జాన్ టూ ఆ గదికి 35 కంప్యూటర్లు ఇచ్చారు. నోటుపుస్తకాల్లో, నలిగిన కాగితాల్లో ఉన్న బతుకులు తెర మీదికి రావడం మొదలైంది. ఎవరి రాత ఎవరిదో తెలియకూడదని పేర్లు తీసేసి అంకెలు వేశారు. ఒకరి పేజీని మరొకరు చదివి దిద్దాలి. ఇప్పుడు ఊహించండి! ఒక అమ్మాయి తెర ముందు కూచుంది. చేతిలో ఎవరిదో కాగితం. అక్షరదోషాలు దిద్దుదామని కూచున్న పిల్ల. చదువుతూ చదువుతూ ఉండగా, చిన్ననాట తనను చెరిచిన చేయి, తాను ఎవరికీ చెప్పుకోని చీకటి, ఎవరో తెలియని నేస్తం రాతలో కనిపించింది. తాను ఒంటరి కాదని ఆ పిల్లకు తెలిసింది ఓదార్పు మాటతో కాదు, కామా పెట్టబోయిన చోట! ఆ రాసిన పిల్ల ఇదే గదిలో ఉంది, బహుశా పక్కబల్ల మీదే ఉంది, ఎవరో తెలియదు. తెలియకపోవడమే ఆ క్షణపు అందం. గదిలో ఉన్న ప్రతి అమ్మాయి మీదా ఒక్కసారిగా జాలి, గౌరవం, ఆప్యాయత పొంగాయంటే ఆశ్చర్యమేముంది!

రసం పుట్టే తీరును వివరిస్తూ మన ఆలంకారికుల్లో భట్టనాయకుడు సాధారణీకరణం గురించి చెప్పాడు. శకుంతల దుఃఖం శకుంతలది మాత్రమే అయితే ప్రేక్షకుడు పరాయివాడు. ఆ దుఃఖం తన పేరును వదులుకుని అందరిదీ అయినప్పుడే ఆస్వాదన. కవులు ఎంతో సాధన చేసి సాధించే ఆ పనిని, ఈ పిల్లలు గుట్టు కాపాడుకోవడానికి వేసుకున్న ఒక చిన్న అంకె సాధించింది. పేరు పోగానే పగ పోయింది. ఇది నల్లవాడి రాతా, కంబోడియా పిల్ల రాతా అని అడిగే వీలు లేకుండా పోయింది. శత్రువు వీధి పిల్లవాడి కన్నీటిని, శత్రువు వీధిదని తెలియకుండా, ఆ పిల్ల తుడిచింది. తుడిచాక తెలిసినా, ఇక శత్రుత్వానికి చోటెక్కడ? లోకంలో సంపాదకులు ఎందరో ఉన్నారు, మహానుభావులు. కానీ తాము దిద్దుతున్న వాక్యం వల్ల తామే దిద్దుబాటు అయిన సంపాదకులను ఇంతమందిని ఒక్కచోట చూడడం నాకు ఇదే!

ఆ దిద్దిన చేతులకు ఎంత రుచి తెలుసో కూడా చెప్పాలి. మెరుగు పెట్టారు గానీ గరుకుదనం అరగదీయలేదు. వీధి మాట వీధి మాటగానే ఉంది, తిట్టు తిట్టుగానే ఉంది. అక్షరాలు తారుమారుగా కనిపించే డిస్లెక్సియాతో బాధపడిన పిల్లవాడి పేజీలో ఆ తడబాటు తాలూకు వణుకు వినిపిస్తుంది. మనవాళ్ళనే కాపాడాలన్న వీధి కట్టుబాటును కాదని, కోర్టు బోనులో నిజం చెప్పిన అమ్మాయి పేజీలో వాక్యాలు పొట్టిగా, ఊపిరి బిగబట్టి నడుస్తాయి. తగినదాన్ని తగిన చోట ఉంచడమే కావ్యానికి ప్రాణమని క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యం, పదిహేనేళ్ళ పిల్లలకు ఎవరు నేర్పారు? నడుమ నడుమ హాస్యం కూడా లేకపోలేదు. కుర్రతనపు వేళాకోళం, కొత్త ఊళ్ళు చూసినప్పటి కళ్ళు విచ్చుకునే సంబరం, పంతులమ్మ మీద ముద్దుగా విసుర్లు. శోకం మీద శోకం పేర్చి పాఠకుణ్ణి తొక్కే పుస్తకం కాదిది. మబ్బు, ఎండ, మబ్బు, ఎండ!

మచ్చ లేదా అంటే ఉంది. కొన్ని పేజీల్లో మార్పు మరీ తొందరగా వచ్చేస్తుంది. రాసిన పిల్లకు అది నిజమే అయినా, చదివే మనకు ఇంకా కాస్త దారి నడవాలనిపిస్తుంది. 2007లో హిల్లరీ స్వాంక్ నటించగా రిచర్డ్ లాగ్రవనీజ్ తీసిన సినిమాలో ఈ మచ్చ ఇంకా పెద్దదైంది. అక్కడ వెలుగంతా పంతులమ్మ ముఖం మీదే పడి, పిల్లలు ఆమె చుట్టూ తిరిగే నీడలయ్యారు. చూడదగ్గ సినిమానే, కంట తడి పెట్టించే సినిమానే. కానీ పుస్తకంలో ఒక గొంతును ఇంకో గొంతు మోసుకుపోయే ఆ బృందగానం అందులో దొరకదు. సినిమా చూసి సరిపెట్టుకున్నవాళ్ళు పల్లవి విని లేచిపోయినట్టే.

వాళ్ళు పెట్టుకున్న పేరు కూడా ఊరికే వచ్చింది కాదు. 1961లో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి 13 మంది, బస్సుల్లో జాతి వివక్షను ధిక్కరిస్తూ వాషింగ్టన్ నుంచి దక్షిణాదికి బయలుదేరారు. అలబామాలో వాళ్ళ బస్సును తగలబెట్టారు, మనుషులను కొట్టారు. అయినా బస్సులు ఆగలేదు. వాళ్ళు ఫ్రీడమ్ రైడర్స్. ఆ కథ విన్న 203వ గది పిల్లలు, తాము బస్సు బదులు కలం ఎక్కామంటూ ఫ్రీడమ్ రైటర్స్ అయ్యారు. 1997 వసంతంలో వాళ్ళూ వాషింగ్టన్ వెళ్ళారు. తమ డైరీల ప్రతిని దేశపు విద్యామంత్రి రిచర్డ్ రైలీ చేతిలో పెట్టారు. తమ వీధి దాటి ఎరుగని పిల్లలు, రాజధాని స్మారకాల నీడలో, రంగుల తేడా లేకుండా చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. ఆ దృశ్యాన్ని రాసిన పేజీల్లో గర్వం తొణకదు, ఆనందం మాత్రం పొర్లుతుంది!

ఆ డైరీలు పుస్తకమై వచ్చినప్పుడు, రచయితలకు దక్కే సొమ్మును ఏం చేయాలన్నది ముందే తేల్చుకున్నారు. ఈ పిల్లల కాలేజీ ఫీజుల కోసం ఏర్పాటైన టాలరెన్స్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌కు ఇచ్చారు. ఇంతకంటే అందమైన ఫలశ్రుతి ఏ పురాణం చివర చదివాం? నా కన్నీళ్ళు అచ్చయితే నీ చదువు సాగుతుంది, నీ కథ అమ్ముడైతే నా ఫీజు కడతారు! ఎవరి కథకు ఎంత వచ్చిందని లెక్కకట్టే వీల్లేదు, ఎందుకంటే పేర్లే లేవు. 150 మంది బతుకులు ఒక్క మూటలో పోసి, అందరికీ పంచారు.

1998లో వాళ్ళంతా హైస్కూలు గట్టెక్కారు. అందులో చాలామంది కాలేజీకి వెళ్ళారు. ఎన్నో ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన తొలి పాదం వాళ్ళదే. ఎవరూ ఆశ పెట్టుకోని పిల్లలు వీళ్ళు. చదువు మానేస్తారో, జైలుకు పోతారో, తూటాకు పోతారో అని లోకం ముందే రాసిపెట్టిన పిల్లలు. అమెరికాలో కాలేజీ దరఖాస్తుతో పాటు, నీ గురించి నువ్వు రాయమని ఒక వ్యాసం అడుగుతారు. ఉన్నవాళ్ళ పిల్లలు ఆ రెండు పేజీల కోసం ప్రత్యేకంగా శిక్షణ తీసుకుంటారు. 203వ గది పిల్లలకు ఆ అవసరమేముంది? నాలుగేళ్ళుగా వాళ్ళు రాస్తున్నది అదే! చదివి, అడ్డం పడి, ఇక్కడ ఇంకాస్త చెప్పమని పోరిన మొదటి పాఠకుడు పక్కబల్ల మీదే ఉన్నాడు. తన కథ చెప్పుకోదగినదని నేస్తం కళ్ళలో ఒకసారి చదివిన పిల్లవాడికి, దరఖాస్తు కాగితం భయపెట్టగలదా? గ్రూవెల్ కూడా వాళ్ళతో పాటే ఆ బడి వదిలి, లాంగ్‌బీచ్‌లోని కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. పిల్లల్లో కొందరు అక్కడే చేరారు. పంతులమ్మ ముందు నడిచిందో, పిల్లలు ముందు నడిచారో చెప్పలేకుండా అలా కలిసి నడవడమే ఎంత ముచ్చట!

కావ్యం అక్కడ ముగిసిందనుకుంటే పొరపాటు. 2022లో ‘డియర్ ఫ్రీడమ్ రైటర్’ అనే పుస్తకం వచ్చింది. కొత్త తరం పిల్లలు తమ బతుకులు ఉత్తరాలుగా రాశారు. జవాబులు రాసింది ఎవరు? ఒకప్పుడు 203వ గదిలో తలుపు పక్కన బెరుగ్గా నిలబడిన పిల్లలే! నలభయ్యో పడిలో పడిన ఆ గొంతుల్లో ఇప్పుడు తొందర లేదు, తీర్పు లేదు. ప్రశ్న వేసిన పిల్ల గాయం తమ పాత గాయాన్ని కెలికినా, దాన్ని చూపించి ఏడవరు. దాని మీంచి దారి చూపిస్తారు. మొదటి పుస్తకంలో పాత్రలుగా ఉన్నవాళ్ళు రెండో పుస్తకంలో సహృదయులయ్యారు. రసయాత్రలో ఇంతకంటే ఎత్తైన మలుపు నాకు తెలియదు.

మన దగ్గరికి వద్దాం. ఆత్మకథ తెలుగువాడికి అపరిచితం కాదు. వీరేశలింగం పంతులు స్వీయచరిత్ర నుంచి, దళితవాడ నుంచి కాలేజీ ప్రిన్సిపాల్ కుర్చీ దాకా మూడు తరాల నడకను చెప్పిన వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’ దాకా మనకు గొప్ప సంపద ఉంది. అయితే అవన్నీ బతుకు చాలావరకు గడిచాక వెనక్కి తిరిగి చూసి రాసినవి. బతుకు ఇంకా మండుతూ ఉండగా, పదిహేనేళ్ళకే, పక్కబల్ల నేస్తం చేతిలో పెట్టి దిద్దించుకున్న పుస్తకం రుచి వేరు. మన గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్ళలో, ప్రభుత్వ బడుల్లో ఇంట్లో తొలిసారి చదువుకుంటున్న పిల్లలు ఎందరు! ఇటుక బట్టీల నుంచి, తండాల నుంచి, చేపల రేవుల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ దగ్గర కథలు లేవా? కొల్లలుగా ఉన్నాయి. మనం వాళ్ళను అడిగేది నా లక్ష్యం అనే అంశం మీద పది వాక్యాల వ్యాసం. అందులోనూ అందరూ డాక్టరే అవుతారు!

కాబట్టి పంతుళ్ళకూ, పంతులమ్మలకూ, హాస్టల్ వార్డెన్లకూ, గోడపత్రికలు నడిపే కుర్రవాళ్ళకూ నా మనవి ఒక్కటే. పిల్లలకు తలా ఒక నోటుపుస్తకం ఇవ్వండి. రాయమనండి. రాయనంటే ఊరుకోండి, బలవంతంగా పిండిన కన్నీరు ఉప్పునీరే అవుతుంది. రాసిన పేజీ మీద పేరు తీసేసి, అంకె వేయండి. దాన్ని మీరు దిద్దకండి. పక్కబల్ల మీది పిల్లకు ఇవ్వండి. ఏదైనా పేజీలో ఆపద కనిపిస్తే మాత్రం పుస్తకం సంగతి పక్కన పెట్టి, ముందు ఆ పిల్లను కాచుకోండి. మిగిలిన పేజీలు కుట్టి, అచ్చువేసి, ఊళ్ళో అమ్మండి. వచ్చిన డబ్బు ఎంత చిన్నదైనా, వాళ్ళలోనే ఒకరి కాలేజీ ఫీజుకు జమచేయండి. ఈలోగా మీరు ‘ది ఫ్రీడమ్ రైటర్స్ డైరీ’ సంపాదించి చదవండి. రోజుకు రెండే అంకెలు చదవండి, ఎక్కువ వద్దు. కౌమారం రాసిన పుస్తకాల్లో, నేను ఎరిగినంతలో, ఇంత నిండైన రసపాత్ర మరొకటి లేదు.